మైలపడ్డ వాన నీళ్లు

మా అక్క మెట్టిన ఊరు నాగాయలంక దాటి ఇంకా కిందికి, సముద్రం వైపు ఉంటుంది. అక్కడ గునపంతో ఎక్కడ గుచ్చినా నీళ్లు పడతాయి. ఆ నీళ్లు నోట పెట్టుకోలేం. బోరు ఉప్పు, బావి ఉప్పు. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక ఆ ఉప్పు ఇంకా పైకొచ్చింది. కాలవ పారినన్నాళ్లు ఊరి మంచినీళ్ల చెరువు నిండుతుంది. వేసవిలో కాలవ కట్టేశాక చెరువు అడుగంటి కుళాయిల్లో పచ్చటి నీళ్లు వస్తాయి. అప్పుడు ఆడవాళ్లు బిందెలు తీసుకుని ఊరి చివర నీళ్లు వడకట్టి ఇచ్చే ఫిల్టరు బెడ్డు దగ్గర వరస కట్టాలి. మా అక్క పెళ్లై ఆ ఊరు వెళ్లిన దగ్గర్నుంచీ ప్రతి వేసవీ అదే పని. అరవై దాటాక ఆమె రెండు మోకాళ్లూ వాచాయి. బరువులు మోయొద్దని బందరు డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. అయ్యో అన్నారు. బిందె మాత్రం ఎవరూ అందుకోలేదు.

ఆ బిందె దించడానికే నేను వాళ్లింట్లో వాన నీళ్ల తొట్టి కట్టించాను. ఆ నీళ్లను పెద్దమనుషులు ఎలా పారబోశారో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. ఈ విషయంలో నిదానం నటించడం నాకు చేతకాదు.

నేను బందరులో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మేం పుట్టి పెరిగింది గుడివాడలో. మా నాన్నకు సంస్కరణ సభలంటే ప్రాణం. ముహూర్తాల మీద, కులం మీద, జాతకాల మీద ఎక్కడ చర్చ జరిగినా అక్కనూ నన్నూ వెంటపెట్టుకుని వెళ్లేవాడు. ఎవరే మాట చెప్పినా ముందు ‘నీకెట్లా తెలుసు’ అని అడగమనేవాడు. నేను అడగడం నేర్చుకున్నాను. అక్క బెంచీ మీద నా భుజానికి ఆనుకుని నిద్రపోయేది. తర్వాత నేను వేదికలెక్కాను, ఆమె నీళ్లు మోసింది.

తొట్టి ఆలోచన మొదలైనప్పుడు మొదటి అడ్డు ఒక ఆఫీసులో ఎదురైంది. వాన నీటిని ఒడిసిపట్టాలంటే ఇంకుడు గుంత తవ్వుకోండి అన్నాడు అక్కడి ఉద్యోగి. గోడ మీద బొమ్మ కూడా ఉంది, గుంత, కంకర, పక్కన నవ్వుతున్న రైతు. రెండు మూరలు తవ్వితే ఉప్పునీరు ఊరే చోట తియ్యటి వాన నీళ్లను గుంతలోకి వదిలితే ఏమవుతాయండీ అని అడిగాను. భూగర్భ జలాలు పెరుగుతాయన్నాడు. ఏ జలాలండీ, ఆ ఉప్పు జలాలేనా అన్నాను. పైనుంచి వచ్చిన నమూనా అదేనన్నాడు. మెట్ట ప్రాంతానికి గీసిన బొమ్మను సముద్రం ఒడ్డున అతికించి, ఎవరూ అడక్కపోతే అదే సైన్సని చెప్పుకుంటారు. మూఢనమ్మకం గుడిలోనే ఉంటుందనుకునేవాళ్లు ఒకసారి అటువంటి గోడల వంక కూడా చూడాలి.

గుంత కాదు, తొట్టే కట్టించాను. డాబా వాలు వంటింటి వైపు ఉంది కాబట్టి ఆ గోడ పక్కనే ఇటుకలతో కట్టి, లోపల నున్నగా సిమెంటు పూయించాను. డాబా మీది నీళ్లు పైపులో దిగి ముందు ఒక డ్రమ్ములోకి వస్తాయి. అందులో కంకర, ఇసుక, బొగ్గు పొరలు. తొలివాన డాబాను కడుగుతుంది కదా, ఆ మురికి నీళ్లు బయటికి పోవడానికి వేరే పైపు. దోమ దూరకుండా సన్న జాలీ. పైన ఎండ చొరని మూత. కుళాయి మాత్రం నేను దగ్గరుండి ఎత్తు చూసి పెట్టించాను. అక్క వంగకుండా బిందె పట్టుకోవాలి. ఎప్పుడైనా తొట్టి కడగాల్సి వస్తే వదలడానికి అడుగున ఒక పెద్ద వాల్వు పెట్టించాను. నీళ్లు నిండాక సీసాలో పట్టుకెళ్లి మా కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించాను. బాగున్నాయి.

బావగారు ఏ పనికీ అడ్డు చెప్పలేదు, ఏ పనికీ చెయ్యి కలపలేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తూ, “ఏం మరదలా, రేప్పొద్దున ఆకాశానికి కూడా కుళాయి బిగిస్తావా?” అనేవారు. మంచి మనిషి. నాకు మంచి మనుషుల మీద వచ్చినంత కోపం చెడ్డవాళ్ల మీద రాదు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, మంచివాడు నవ్వుతాడు.

ఆయన తల్లి, అంటే అక్క అత్తగారు, అప్పటికి బాగా పెద్దావిడ. మంచం దిగేది కాదు గాని ఇల్లంతా ఆమె గొంతులోనే ఉండేది. కాకులు రెట్టలేసే డాబా మీది నీళ్లు తాగనంది. డాబా కడిగించామని చెప్పాం. అప్పుడు అసలు ప్రశ్న బయటికొచ్చింది. తొట్టి లోపలికి దిగి సిమెంటు పూసింది ఎవరు? దళితుల పేట నుంచి వచ్చిన మేస్త్రి అని ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. మీరు పడుకున్న గది కట్టింది కూడా వాళ్లేనండీ, గోడ అంటుకోకుండా గాల్లో పడుకోండి మరి అన్నాను. అక్క నన్ను చెయ్యి పట్టి బయటికి లాగింది. వారం తిరక్కుండా ఆ పెద్దావిడే ఆ నీళ్లు అడిగి తాగింది. వాదన వల్ల కాదు, పప్పు వల్ల. మంచినీళ్ల పొదుపుకి బోరు నీళ్లు కలిపితే గంటలకొద్దీ ఉడికినా బద్దగానే ఉండే కందిపప్పు వాన నీళ్లతో వెన్నలా మెదిగింది. పళ్లు లేని మనిషికి అంతకంటే సిద్ధాంతం ఏం కావాలి? టీ కూడా చవి చచ్చినట్టు ఉండటం మానేసిందని బావగారు ఊరంతా చెప్పారు.

తొట్టి నిండిన మొదటి ఏడే గ్రహణం వచ్చింది. గ్రహణం పట్టిన నీళ్లు పారబొయ్యాలని పెద్దావిడ పట్టుబట్టింది. అక్క ఎక్కణ్ణుంచో ఒక దర్భ పోచ తెచ్చి మూత తీసి తొట్టిలో పడేసింది. దర్భ ఉంటే దోషం అంటదట. నీళ్లు మిగిలాయి. ఫోనులో ఆ సంగతి చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు. గడ్డిపోచతో కాపాడుకున్న నీళ్లను రేపు గడ్డిపోచ చాలదని పారబోస్తారు, చూడు అన్నాను. ఒక ఏడు గడవనీయవే అంది.

ఒక ఏడు గడిచింది. ఆ వేసవంతా అక్క బిందె ఎత్తలేదు. వంటింటి తలుపు తీసి, కుళాయి కింద బిందె పెట్టి, మళ్లీ అక్కడి నుంచే వంటింట్లోకి జరుపుకునేది. నేను చూడ్డానికి వెళితే మోకాళ్లు చూపించింది, వాపు దిగింది. మెట్లెక్కి డాబా మీద నాకు పక్క కూడా తనే వేసింది.

మరుసటి ఏడు తుఫాను వానలకు తొట్టి మూత దాకా నిండింది. మృగశిర కార్తెలో వానలు పడేదాకా ఆ నీళ్లే సరిపెట్టుకోవాలి. శివరాత్రి వెళ్లాక పెద్దావిడ పోయింది. కబురు తెలిసి నేను తొలి బస్సుకే బందరు నుంచి బయల్దేరాను. చివరి రెండు రోజులు ఆమె గొంతు దిగింది ఆ వాన నీళ్లేనని అక్క చెప్పింది. చెంచాతో పోస్తుంటే ఇంకా పొయ్యమని వేలితో చూపించిందట.

శవం లేచాక ఆచారం ప్రకారం ఇల్లు కడిగారు. ఇంట్లో నిలవున్న నీళ్లు పారబొయ్యాలి కాబట్టి బిందెలు, కుండ, బాత్రూమ్ బకెట్లు బోర్లించారు. ఆ పాటికి నాకు అభ్యంతరం లేదు. ఏడ్చి ఏడ్చి అలసినవాళ్లు గిన్నెలు తోముకుంటే తోముకోనీ. మగవాళ్లు కాలవలో స్నానాలు చేసి తిరిగొచ్చారు. వాళ్లలో బావగారి అన్న ఉన్నాడు. పక్క వీధిలోనే ఇల్లు. ఊళ్లో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. కాళ్లు కడుక్కుంటూ ఆయన వంటింటి పక్కకు తల తిప్పి, ఆ తొట్టి కూడా వదిలెయ్యండి అన్నాడు.

అప్పటికే వచ్చిన బంధువులకు అరుగు మీద ఆటోలో కొని తెప్పించిన మంచినీళ్ల టిన్నులు పెట్టారు. ఆ టిన్నులు తెల్లవారకముందే ఇంట్లోకి వచ్చాయి. శవం ఉండగా కూడా అక్కడే ఉన్నాయి. వాటిని ఎవరూ పారబొయ్యలేదు. కొన్న నీళ్లకు మైల అంటదు కాబోలు.

ఎందుకు వదలాలండీ అని అడిగాను.

“మైల పడ్డయ్యి కదమ్మాయ్.”

“పడ్డయ్యని ఎట్లా తెలిసింది పెద్ద బావగారూ? రంగు మారిందా, వాసనొచ్చిందా?”

“అన్నీ కళ్లకు కనపడతయ్యా?”

“కనపడనివి చూసే సరంజామా మా కాలేజీలో ఉంది. సీసాలో పట్టుకెళ్లి చూపిస్తాను.”

“ఆచారం సీసాలో పట్టేది కాదు” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. గెలిచానన్న తృప్తి ఆయన మొహంలో కనబడింది.

నేను ఆగలేదు. పక్క గదిలో ధాన్యం బస్తాలున్నాయి, వాటికి మైల లేదా అన్నాను. అటక మీద ఆవకాయ జాడీలకు లేదా? బీరువాలో డబ్బుకు? అవన్నీ పొడివని ఒకరు, అవి వేరని ఒకరు అన్నారు. సరే, తడిదే అడుగుతాను అన్నాను. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు తాగే ఇళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు పోతుంటారు, ఆ ట్యాంకు ఎందుకు వదలరు? అది ఊరిది, ఇది ఇంటిది అన్నాడు పెద్దాయన. ఇంటిదే అడుగుతాను మరి అన్నాను.

“చేను అవతల రొయ్యల చెరువు మీ ఇంటిదేగా. అందులోవీ నిలవ నీళ్లేగా. పదండి, దాని తూము కూడా ఎత్తేద్దాం.”

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. ఆ చెరువులో పట్టుబడికొచ్చిన రొయ్యల పంట ఉంది. ఆ నీళ్లు వదిలితే ఏం పోతుందో అక్కడున్న ప్రతి మగవాడికీ తెలుసు. సభలో అయితే ఆ మౌనాన్ని ఓటమి అంటారు. అరుగు మీద దాని పేరు వేరు. చచ్చిన ఇంట్లో ఆడదానికి వాదనలేంటి అన్నాడు పెద్దాయన, నా వంక చూడకుండా, తమ్ముడి వంక చూసి.

బావగారు నా దగ్గరికొచ్చి మెల్లగా, “పోనియ్యి మరదలా. అన్నయ్య అన్నాక ఇంకేముంది? నీళ్లేగా. మళ్లీ వానొస్తే నిండుతుంది” అన్నారు. వానెప్పుడొస్తుంది బావగారూ అన్నాను. తల్లి పోయిన మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, జాలిపడాల్సిందే. ఆ కళ్లతోనే వెళ్లి వంగి, నేను పెట్టించిన వాల్వు తనే తిప్పారు.

నీళ్లు కొంచెంగా రాలేదు. తొట్టి అడుగు నుంచి బుసకొట్టుకుంటూ వచ్చి, పెరటి గోడ కింది తూములోంచి మురుగు కాలవలో పడ్డాయి. అక్క వంటింటి గడప మీద తడిచీరతో కూర్చుని చూసింది. ఏడవలేదు.

మురుగు కాలవ అవతల చేపల వేటకు వెళ్లేవాళ్ల ఇళ్లున్నాయి. చప్పుడు విని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ప్లాస్టిక్ బిందెలతో వచ్చి గోడ అవతల నిలబడ్డారు. అందులో ఒకామె, “పట్టుకోమంటారా అండీ?” అని అడిగింది. మైల నీళ్లని లోపల్నించి ఎవరో చెప్పారు. “ఉప్పగా లేవుగా, చాలండీ” అంది. అందరూ పెద్దాయన వంక చూశారు. పట్టుకోనియ్యండి, వాళ్లకేం పట్టింపులుంటయ్యి అన్నాడు ఆయన. వాళ్లు తూము కింద బిందెలు పెట్టారు.

ఆ ఒక్క మాట నాకు అన్నిటికంటే మండింది. ఇప్పటికీ మండుతోంది. ఆ నీళ్లు మనిషికి కీడు చేస్తాయని నిజంగా నమ్మినవాడు పక్కవాళ్లను పట్టుకోమనడు. విషం కలిసిందని తెలిస్తే ఎవరికైనా పోస్తామా? పోసేలా ఉంటే రెండే దారులు. కీడు లేదని ఆయనకు లోపల తెలుసు. లేదా గోడ అవతలివాళ్లకు కీడు జరిగినా ఆయనకు పట్టదు. రెండిట్లో ఏది నిజమో ఆయనే చెప్పాలి. ఏది చెప్పినా ఆచారం అన్న మాట వెనక దాక్కోవడానికి చోటు మిగలదు. గోడకు ఈవల మైల, ఆవల మంచినీళ్లు. దీని పేరు శుచి కాదు, కులం.

పన్నెండో రోజు భోజనాలయ్యాయి. బంధువులు వెళ్లిపోయారు. టిన్నుల ఆటో ఎప్పటిలాగే వచ్చిన రోజు వచ్చింది, రాని రోజు రాలేదు. ఆ సాయంత్రం నేనూ అక్కా వంటింట్లో ఉన్నాం. ఆమె చేటలో మినుములు బాగుచేస్తోంది. బావగారు గుమ్మంలో నిలబడి, బిందెలో నీళ్లు నిండుకున్నాయన్నారు.

“చూశాను” అంది అక్క.

“మరి చీకటి పడకముందే వెళ్లిరా.”

“నేను వెళ్లను. వాల్వు తిప్పింది మీరు. నీళ్లు మీరే తెచ్చుకోండి.”

ఆమె గొంతు పెంచలేదు, తలెత్తలేదు. మినుముల్లో రాయి ఒకటి దొరికితే తీసి పక్కన పెట్టింది. బావగారు నవ్వారు. నా వంక చూసి, “ఇది నీ ట్రైనింగేనా?” అన్నారు. కాదు. నేను రొయ్యల చెరువు దాకా వెళ్లాను, కెమిస్ట్రీ దాకా వెళ్లాను. నీళ్లు పారబొయ్యాలని తీర్పు చెప్పినవాళ్లలో ఒక్కరు కూడా జన్మలో బిందె మోసినవాళ్లు కారన్న సంగతి నా నోటికి రాలేదు. ఆమెకు వాదన అక్కర్లేదు. నలభై ఏళ్లు బిందె మోసిన భుజం ఉంది.

రెండు రోజుల్లో దిగొస్తుందని ఆయన అనుకున్నారు. ఆమె దిగి రాలేదు. తోడికోడలు వచ్చి, ఊళ్లో ఏమనుకుంటారు అని అడిగితే, ఏమనుకుంటే అవి అనుకుంటూ నీళ్లు తెచ్చి పొయ్యమను అందట. ఆ వేసవంతా బావగారే బండికి రెండు వైపులా బిందెలు కట్టుకుని ఫిల్టరు బెడ్డుకు వెళ్లారు. ఆడవాళ్ల వరసలో ఆయనొక్కడే మగవాడు. మొదటి రోజు అక్కడేం జరిగిందో అక్క నాకు ఫోనులో చెబుతూ చెప్పలేక నవ్వింది. ఏం బాబాయ్, పిన్ని ఊళ్లో లేదా అని అడిగారట. ఉందన్నారట. మరి మీరొచ్చారేం అంటే, దానికి మోకాళ్ల నొప్పులు అన్నారట. “ఇన్నేళ్లకు కనపడినయ్యా బాబాయ్, ఆ మోకాళ్లు” అందట వరసలో ఉన్న ఒకావిడ.

ఎండలు ముదిరాక బావగారు నాకు ఫోను చేశారు. ఒకసారి వచ్చి వెళ్లమన్నారు. నడుం పట్టేసిందని చెప్పలేదు గాని మాటలో తెలిసింది. సరే, బుద్ధొచ్చింది అనుకుని బస్సెక్కాను. వెళ్లి చూస్తే పశువుల పాక పక్కన, ఇంటికి దూరంగా, కొత్త తొట్టికి పునాది తీసి ఉంది. పాత తొట్టి ఖాళీగా, మూత తీసి, ఎండిపోయి ఉంది. ఇదేంటండీ అంటే, అన్నయ్యను అడిగానన్నారు. ఇంటి గోడకు ఆనుకోకుండా, పాక రేకుల మీది నీళ్లు పట్టుకుంటే అవి ఇంటి నీళ్లు కావట. ఇక ఇంట్లో ఎవరు పోయినా ఇబ్బంది లేదట.

“ఈసారి ఎవరు పోతారని లెక్కేశారు బావగారూ?” అన్నాను. అక్క, “ఎవరో ఒకరు పోక తప్పదుగా, కట్టనియ్యి” అంది.

మనిషి తన నమ్మకాన్ని మార్చుకోవడానికి పడే బద్ధకం ఎంతదంటే, దానికి బదులు ఇటుకలు మోయించి కొత్త కట్టడమే లేపుతాడు. ఉన్న తొట్టిని మళ్లీ నింపుకోవడానికి మనసు రాలేదు, లేని తొట్టికి సిమెంటు వచ్చింది. నేను అరిచాను. ఆయన నవ్వారు. చివరికి లెక్క నా పక్షాన నిలిచింది. పాక రేకులు చిన్నవి. వాటి మీద పడే వాన వేసవి దాకా రాదు. డాబా నీళ్లు కలవకపోతే మళ్లీ బిందె ఎత్తాల్సిందేనని చెప్పాను. ఎత్తేదెవరో ఆయనకు తెలుసు. బాగా ఆలోచించి ఆయన ఒక ఉపాయం చెప్పారు. డాబా నుంచి పాక దాకా పైపు వేద్దాం. మధ్యలో విప్పి బిగించుకునే జాయింటు పెడదాం. ఇంట్లో ఏదైనా జరిగితే జాయింటు విప్పేస్తే సరి. ఇంటికీ తొట్టికీ సంబంధం తెగిపోతుంది. మైల ఇవతలే ఆగిపోతుంది. పెద్దాయన కూడా సరేనన్నాడట.

ఇంత బతుకూ బతికి మైలకు ప్లంబింగు నా చేతుల మీదుగా చేయిస్తున్నారని నాకు తల తిరిగింది. వదిలేసి బస్సెక్కుదామనుకున్నాను. అక్క మొహం చూసి ఎక్కలేదు. ఆమెకు కావలసింది నా గెలుపు కాదు. వచ్చే వేసవికి వంటింట్లో నీళ్లు కావాలి.

కొత్త తొట్టి లేచాక పైపు వేయించాను. జాయింటు తెప్పించాను. బిగించే రోజు బావగారు టీ తాగడానికి కాలవ గట్టు మీదికి వెళ్లారు. పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా అక్కడే ఉంది. విప్పడానికని పెట్టిన ఆ జాయింటు మరచుట్ల నిండా, రెండు మొహాల నిండా అది పూసి బిగించాను. ఇక అది ఎన్నటికీ ఊడదు. అక్క చూస్తూనే ఉంది. ఆరేదాకా కదలకూడదని చెబితే, వంగలేని మోకాళ్లతోనే పక్కన పీట మీద కూర్చుని పైపును రెండు చేతులతో పట్టుకుంది. ఈ సంగతి రాస్తే మీ ఆయన నిన్ను ఏమైనా అంటాడేమో అన్నాను. నేను పట్టుకున్నానని కూడా రాయవే అంది.

బావగారు ఇది చదువుతారు. చదవాలనే రాస్తున్నాను. జాయింటు ఇక విడిపోదు బావగారూ. డాబా నీళ్లు తొట్టిలోకి వెళుతూనే ఉంటాయి, ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా. మీరూ మీ అన్నయ్యగారూ ఆపాలనుకుంటే రంపం తెచ్చి పైపు కొయ్యండి. ఆ మర్నాటి నుంచి ఫిల్టరు బెడ్డు దగ్గర వరసలో నిలబడాల్సింది మీరే.